ప్రయోగశాల నుంచి పొలానికి, పరిశ్రమకు: హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధనా సంస్థల ఆవిష్కరణలు

ప్రజాధనంతో నడిచే పరిశోధనాశాలల కృషి రైతు పొలానికి, రోగి పడకకు, కార్మికుడు పనిచేసే కర్మాగారానికి చేరినప్పుడే దానికి సార్థకత చేకూరుతుంది. ప్రయోగశాలలో ఫలించిన పరిజ్ఞానం జనజీవితంలోకి రావడానికి కొన్నిసార్లు పదేళ్లు, ఇరవయ్యేళ్లు కూడా పడుతుంది. ఆ దూరాన్ని దాటి వచ్చిన కొన్ని ఆవిష్కరణలను, అవి పనిచేసే తీరును, వాటి పరిమితులను పాత్రికేయులకు, అధికారులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) 1942 సెప్టెంబరు 26న ఏర్పడింది. డాక్టర్ శాంతిస్వరూప్ భట్నాగర్ దీనికి తొలి సారథి. మండలికి ప్రధానమంత్రి అధ్యక్షులుగా వ్యవహరిస్తారు. దేశవ్యాప్తంగా దీనికి 37 జాతీయ ప్రయోగశాలలు ఉన్నాయి. వాటిలో మూడు ప్రధాన సంస్థలు హైదరాబాద్‌లోనే ఉండటం విశేషం.

వీటిలో మొదటిది భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.). 1944లో అప్పటి హైదరాబాద్ రాజ్యంలో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనల కేంద్ర ప్రయోగశాలగా ఇది ప్రారంభమైంది. 1956లో సి.ఎస్.ఐ.ఆర్. పరిధిలోకి వచ్చి ప్రాంతీయ పరిశోధనాశాలగాను, 1989 నుంచి ప్రస్తుత నామంతోను కొనసాగుతున్నది. రెండవది 1961లో ఏర్పాటైన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.). మూడవది 1977లో ప్రాంతీయ పరిశోధనాశాలలోని జీవరసాయన విభాగమే కేంద్రబిందువుగా రూపుదిద్దుకున్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.). డాక్టర్ పి.ఎం. భార్గవ దీని వ్యవస్థాపక సంచాలకులు.

ఈ సంస్థల కృషి ప్రజల ప్రాణాలతో ముడిపడి ఉందనడానికి ఒక పాత ఉదాహరణ చాలు. ఎయిడ్స్ చికిత్సలో తొలి మందు జిడోవుడిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించింది. దాని ధర సామాన్యునికి అందనంత ఎక్కువ. డాక్టర్ ఎ.వి. రామారావు సారథ్యంలో ఐ.ఐ.సి.టి. ఈ మందుకు దేశీయ తయారీ ప్రక్రియను రూపొందించగా, సిప్లా సంస్థ 1993లో దీనిని భారతీయ విపణిలోకి తెచ్చింది. ప్రభుత్వ ప్రయోగశాలలో ప్రక్రియను రూపొందించడం, పరిశ్రమ దానిని ఉత్పత్తి చేయడం అనే ఈ పద్ధతే తరువాతి కాలంలోనూ కొనసాగింది.

సాంబ మసూరికి మూడంచెల రక్ష

బి.పి.టి. 5204 అనే సాంకేతిక నామం గల సాంబ మసూరి బాపట్లలో రూపొందిన వరి వంగడం. 1986లో విడుదలైన ఈ సన్న రకం బియ్యం తెలుగువారి భోజనంలోనే కాక ఇతర రాష్ట్రాలలోనూ విశేష ఆదరణ పొందింది. అయితే ఈ రకానికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే శక్తి లేదు. గాలివానల వల్ల, నత్రజని ఎరువుల మితిమీరిన వాడకం వల్ల ఈ తెగులు వేగంగా వ్యాపిస్తుంది. ఆకులు కొనల నుంచి, అంచుల నుంచి ఎండిపోయి గింజ తాలుగా మారుతుంది. దీనిని సమర్థంగా అదుపుచేయగల రసాయన మందు లేదు. కాబట్టి మొక్కకే నిరోధక శక్తిని సమకూర్చడం ఒక్కటే మార్గం.

ఈ లక్ష్యంతో సి.సి.ఎం.బి., హైదరాబాద్‌లోని వరి పరిశోధనా సంచాలకాలయం (ప్రస్తుత భారతీయ వరి పరిశోధనా సంస్థ) సంయుక్తంగా కృషి చేశాయి. తెగులును తట్టుకొనే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి ప్రవేశపెట్టాయి. అవి ఎక్స్‌ఎ 21, ఎక్స్‌ఎ 13, ఎక్స్‌ఎ 5. వీటిలో మొదటిది మూలతః ఆఫ్రికాకు చెందిన ఒక అడవి వరి జాతి నుంచి వచ్చింది. ఇలా రూపొందిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది.

మూడు జన్యువులు ఎందుకు అవసరమయ్యాయన్న ప్రశ్న సహజం. ఒక్క జన్యువు మాత్రమే ఉన్నట్లయితే తెగులు కారక సూక్ష్మజీవి కాలక్రమేణా మార్పు చెంది దానిని అధిగమించగలదు. మూడింటినీ ఒకేసారి అధిగమించడం దానికి కష్టం. ఈ మూడింటిలో రెండు జన్యువులు అంతర్గత స్వభావం గలవి. అంటే జన్యువు జంటగా ఉంటేనే దాని లక్షణం మొక్కలో బయటపడుతుంది. మూడూ కలిసి ఉన్న మొక్కను పొలంలో చూసి గుర్తుపట్టడం దాదాపు అసాధ్యం. కనుక ప్రతి తరంలోనూ మొక్కల డి.ఎన్.ఎ.ను పరీక్షించి, అణు సూచికల ఆధారంగా కావలసిన వాటిని ఎంపిక చేశారు. ఆ మొక్కలను మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరపరచి అసలు రకం గింజ నాణ్యతను నిలబెట్టారు.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టం చేయవలసి ఉన్నది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. జన్యువులు సాధారణ సంకరణం ద్వారానే వచ్చాయి. ప్రయోగశాల పాత్ర సరైన మొక్కను గుర్తించడం వరకే పరిమితం. వార్తాకథనాలలో ఈ రెండింటినీ కలగలిపి రాయడం వల్ల రైతులలో అనవసరమైన సందేహాలు తలెత్తే అవకాశం ఉన్నది.

ఈ బియ్యపు గ్లైసీమిక్ సూచిక సుమారు 51గా నమోదైంది. 55 లోపు ఉన్నవి తక్కువ సూచిక గల ఆహారాల కోవలోకి వస్తాయి. మధుమేహం విస్తరిస్తున్న నేటి పరిస్థితులలో ఇది గమనార్హమైన అంశం. అయితే పాలిష్ పట్టే విధానాన్ని బట్టి, వండే తీరును బట్టి ఈ సూచిక మారుతుంది. ఈ బియ్యాన్ని మధుమేహానికి మందుగా చిత్రించడం సరికాదు.

మహమ్మారి కాలంలో కృషి

2020లో కోవిడ్-19 విజృంభించినప్పుడు ప్రభుత్వ ప్రయోగశాలలు తమ రోజువారీ పరిశోధనలను పక్కనపెట్టి తక్షణ అవసరాలపై దృష్టి సారించాయి. సి.సి.ఎం.బి. నమూనాల పరీక్షలతో పాటు వైరస్ జన్యుక్రమ విశ్లేషణను కూడా చేపట్టింది. 2020 డిసెంబరులో జాతీయ స్థాయిలో ఏర్పాటైన జన్యుక్రమ విశ్లేషణ కూటమిలోని తొలి 10 ప్రయోగశాలలలో ఇదొకటి.

పరీక్షల వేగాన్ని పెంచేందుకు ఈ సంస్థ రూపొందించిన పొడి స్వాబ్ పద్ధతి ముఖ్యమైనది. సాధారణ ఆర్.టి.-పి.సి.ఆర్. విధానంలో ముక్కు, గొంతుల నుంచి సేకరించిన నమూనాను ప్రత్యేక ద్రావణంలో భద్రపరచి ప్రయోగశాలకు పంపాలి. అక్కడ ఆర్.ఎన్.ఎ.ను వేరుచేయాలి. పొడి స్వాబ్ పద్ధతిలో ఈ రెండు దశలూ అవసరం లేదు. కొత్త యంత్రాలు కొనకుండానే పరీక్షల సామర్థ్యాన్ని 2 నుంచి 3 రెట్లు పెంచేందుకు ఇది వీలు కల్పిస్తుందని సంస్థ తెలిపింది. 2020 నవంబరులో భారత వైద్య పరిశోధనా మండలి ఈ పద్ధతిని ఆమోదించింది.

హైదరాబాద్ మురుగునీటిపై సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. సంయుక్తంగా జరిపిన అధ్యయనం మరొకటి. వైరస్ సోకినవారు, లక్షణాలు కనిపించకపోయినా, దాదాపు 35 రోజుల వరకు మలం ద్వారా వైరస్ అవశేషాలను విసర్జించవచ్చు. మురుగునీటి శుద్ధి కేంద్రాలకు చేరే నీటిలో వైరస్ ఆర్.ఎన్.ఎ. పరిమాణాన్ని లెక్కించిన శాస్త్రవేత్తలు, అంతకుముందు 35 రోజుల కాలంలో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉండవచ్చని 2020 ఆగస్టులో అంచనా వేశారు. అధికారికంగా నమోదైన కేసుల కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంటింటికీ వెళ్లి పరీక్షించకుండానే ఒక నగరంలో వ్యాధి వ్యాప్తిని కొలవవచ్చని ఈ అధ్యయనం చూపింది. ఆరోగ్య శాఖ అధికారులకు ఇది ఇతర అంటువ్యాధుల విషయంలోనూ ఉపయోగపడగల సాధనం.

భారత్ బయోటెక్, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి అభివృద్ధి చేసిన కోవాక్సిన్ టీకాకు 2021 జనవరి 3న అత్యవసర వినియోగ అనుమతి లభించింది. ఇది నిర్జీవ వైరస్‌తో తయారైన టీకా. ఇటువంటి టీకాలకు రోగనిరోధక స్పందనను పెంచే సహాయక పదార్థం అవసరమవుతుంది. కోవాక్సిన్‌లో వాడిన సహాయక పదార్థంలోని కీలక అణువును దేశీయంగా, తక్కువ ఖర్చుతో తయారుచేసే ప్రక్రియను ఐ.ఐ.సి.టి. రసాయన శాస్త్రవేత్తలు కొద్ది నెలల వ్యవధిలో రూపొందించి ఆ సంస్థకు అందజేశారు.

2022 మే నెలలో సి.సి.ఎం.బి.లోని అటల్ ఇంక్యుబేషన్ కేంద్రం ఎం.ఆర్.ఎన్.ఎ. టీకా తయారీకి దేశీయ సాంకేతికతను ప్రదర్శించింది. ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో ఇది మంచి రోగనిరోధక స్పందనను కలిగించింది. ఇది ప్రయోగశాల స్థాయి నిరూపణ మాత్రమే. దీనినే మార్కెట్‌లోకి వచ్చిన టీకాగా భావించరాదు.

అన్ని ప్రయత్నాలూ ఒకే రకమైన ఫలితాన్ని ఇవ్వలేదు. ఫావిపిరావిర్ మందుకు చవకైన తయారీ ప్రక్రియను ఐ.ఐ.సి.టి. రూపొందించగా సిప్లా 2020లో దానిని విపణిలోకి తెచ్చింది. ప్రక్రియ విజయవంతమైనా, కోవిడ్ చికిత్సలో ఈ మందు వల్ల ఆశించిన ప్రయోజనం తదుపరి క్లినికల్ పరీక్షలలో నిరూపణ కాలేదు. ఒక మందును చవకగా తయారుచేయగలగడం వేరు, ఆ మందు వ్యాధికి పనిచేయడం వేరు. ఈ భేదాన్ని ప్రజలకు వివరించడంలో పాత్రికేయుల బాధ్యత ఎంతైనా ఉన్నది.

దిగుమతులకు ప్రత్యామ్నాయం

హైడ్రజీన్ హైడ్రేట్ అనే రసాయనం పేరు సామాన్యులకు తెలియకపోవచ్చు. కానీ ఔషధాలు, పురుగుమందుల తయారీలోను, విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో తుప్పును నివారించడంలోను, నురుగు పదార్థాల తయారీలోను దీని అవసరం ఎక్కువ. దేశ అవసరాలలో దాదాపు అంతటికీ దిగుమతులే ఆధారంగా ఉండేవి. ఔషధ పరిశ్రమకు కేంద్రమైన హైదరాబాద్ వంటి నగరానికి ఇది చిన్న విషయం కాదు. విదేశంలో ఒక కర్మాగారం మూతపడినా, నౌకా రవాణా నిలిచినా ఇక్కడి ఉత్పత్తి కుంటుపడుతుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆధారంగా ఈ రసాయనాన్ని తయారుచేసే ప్రక్రియను ఐ.ఐ.సి.టి. అభివృద్ధి చేసింది. ఈ పరిజ్ఞానంతో గుజరాత్ ఆల్కలీస్ అండ్ కెమికల్స్ సంస్థ దహేజ్‌లో సంవత్సరానికి 10,000 టన్నుల సామర్థ్యం గల కర్మాగారాన్ని నెలకొల్పింది. ప్రయోగశాలలో గాజు పాత్రలో జరిగిన చర్యను వేల టన్నుల స్థాయికి విస్తరించడంలో వేడి, పీడనం, భద్రత, వ్యర్థాల నిర్వహణ వంటి ఎన్నో సమస్యలు ఎదురవుతాయి. పరిశోధకులు, ఇంజనీర్లు కలిసి పనిచేసినప్పుడే ఇది సాధ్యపడుతుంది.

కూరగాయల వ్యర్థాల నుంచి విద్యుత్తు

సికింద్రాబాద్ సమీపంలోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ప్రతిరోజూ టన్నుల కొద్దీ ఆకులు, కుళ్లిన కూరగాయలు పోగవుతాయి. గతంలో వీటిని చెత్త దిబ్బలకు తరలించేవారు. ప్రస్తుతం అక్కడ నెలకొల్పిన బయోగ్యాస్ కేంద్రం రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి దాదాపు 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల జీవ ఇంధనాన్ని ఉత్పత్తి చేసేలా రూపొందింది. విద్యుత్తును మార్కెట్‌లోని దీపాలకు, దుకాణాలకు, నీటి సరఫరాకు, ఇంధనాన్ని అక్కడి క్యాంటీన్‌లో వంటకు వినియోగించే ఏర్పాటు జరిగింది. 2021 జనవరి 31న ప్రసారమైన మన్ కీ బాత్ కార్యక్రమంలో ప్రధానమంత్రి ఈ కేంద్రాన్ని ప్రస్తావించారు.

ఈ కేంద్రంలో వాడిన వాయురహిత గ్యాస్ లిఫ్ట్ రియాక్టర్ ఐ.ఐ.సి.టి. పేటెంట్ పొందిన పరిజ్ఞానం. వ్యర్థాలను ముక్కలు చేసి, నీటితో కలిపి గుజ్జుగా మార్చి రియాక్టర్‌లోకి పంపుతారు. గాలి సోకని స్థితిలో సూక్ష్మజీవులు ఆ గుజ్జును విచ్ఛిన్నం చేసి మీథేన్ ప్రధానంగా గల వాయువును విడుదల చేస్తాయి. ఆ వాయువులో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపి గుజ్జు నిరంతరం కలియబడేలా చేయడం దీని ప్రత్యేకత. చివరగా మిగిలే పదార్థం సేంద్రియ ఎరువుగా ఉపయోగపడుతుంది.

ఇతర మార్కెట్ కమిటీలు, పురపాలక సంఘాలు ఈ విధానాన్ని అనుసరించదలచినప్పుడు రెండు అంశాలను ముందుగా పరిశీలించవలసి ఉంటుంది. ఒకటి, వ్యర్థాలలో ప్లాస్టిక్ సంచులు, తాళ్లు కలవకుండా మొదటే వేరుచేయడం. రెండు, రియాక్టర్‌కు ప్రతిరోజూ తగినంత వ్యర్థం అందేలా చూడటం. లోపలి సూక్ష్మజీవులు సజీవమైనవి. వాటికి మేత ఆగిపోతే గ్యాస్ ఉత్పత్తి ఆగిపోతుంది. ఇటువంటి కేంద్రాల భవితవ్యం ప్రారంభోత్సవంపై గాక, దైనందిన నిర్వహణపై ఆధారపడి ఉంటుంది.

నేల లోపలి నీటి జాడలు

తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో అత్యధిక భాగం గట్టి రాతి నేల. ఇక్కడ బోరుబావి ఎండిపోతే రైతు అప్పుచేసి మరింత లోతుకు మరొక బోరు వేయించడం పరిపాటి. ఒక్కొక్క విఫలమైన బోరు ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి రుణభారంలోకి నెడుతున్నది. ఈ సమస్యపై ఎన్.జి.ఆర్.ఐ. ఫ్రెంచ్ శాస్త్రవేత్తల సహకారంతో హైదరాబాద్ సమీపంలోని మహేశ్వరం పరీవాహక ప్రాంతంలోను, చౌటుప్పల్‌లోని పరిశోధనా క్షేత్రంలోను దీర్ఘకాలిక అధ్యయనాలు నిర్వహించింది. గ్రానైట్ నేలలలో నీటిని నిల్వ ఉంచుకొని ప్రవహింపజేసే పగుళ్లు ప్రధానంగా పైభాగాన, కొన్ని పదుల మీటర్ల లోతు వరకే ఉంటాయని ఈ అధ్యయనాలు వెల్లడించాయి. లోతు పెరిగిన కొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. అంటే వందల మీటర్ల లోతుకు తవ్వినంత మాత్రాన నీరు పడుతుందన్న ఆశకు శాస్త్రీయ ఆధారం స్వల్పం.

నీటి జాడలను విస్తృత ప్రాంతంలో త్వరగా గుర్తించేందుకు ఎన్.జి.ఆర్.ఐ. హెలికాప్టర్ ఆధారిత విద్యుదయస్కాంత సర్వేను ఉపయోగిస్తున్నది. హెలికాప్టర్ కింద వేలాడే పెద్ద తీగచుట్టలో విద్యుత్తును ప్రవహింపజేసి ఆకస్మికంగా నిలిపివేస్తారు. అప్పుడు నేలలో పుట్టే స్వల్ప విద్యుత్ ప్రవాహాలు క్షీణించే తీరును నమోదు చేస్తారు. నీరు నిండిన పొరలు, బంకమట్టి, గట్టి రాయి వేర్వేరుగా స్పందిస్తాయి. ఆ భేదాన్ని బట్టి నేల లోపలి నిర్మాణాన్ని చిత్రించవచ్చు. కేంద్ర భూగర్భ జల మండలితో కలిసి ముందుగా రాజస్థాన్, బీహార్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు రాష్ట్రాలలోని 6 ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా ఈ సర్వే జరిపారు. 2021లో రాజస్థాన్, గుజరాత్, హర్యానాలలోని శుష్క ప్రాంతాలలో సుమారు లక్ష చదరపు కిలోమీటర్ల మేర తొలిదశ సర్వేకు శ్రీకారం చుట్టారు. ప్రయాగ్‌రాజ్ పరిసరాలలో గంగా, యమునల నడుమ భూమిలో కప్పబడిపోయిన సుమారు 45 కిలోమీటర్ల ప్రాచీన నదీమార్గాన్ని కూడా ఈ పద్ధతిలోనే గుర్తించారు.

సర్వే నీటి లభ్యతకు అనువైన చోట్లను సూచిస్తుందే గాని కొత్త నీటిని సృష్టించదు. తోడిన మేరకు వాననీరు తిరిగి ఇంకేలా చూసే బాధ్యత స్థానిక పరిపాలనపైన, వినియోగదారులపైన ఉంటుంది.

ఇతర ప్రయోగశాలల ఫలితాలు

దేశంలోని ఇతర సి.ఎస్.ఐ.ఆర్. సంస్థల కృషిలో కొన్నింటిని ఇక్కడ ప్రస్తావించడం సముచితం. మన పోపులో నిత్యం వాడే ఇంగువకు ముడిసరుకు ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి వస్తున్నది. ఏటా సుమారు 1,200 టన్నుల ముడి ఇంగువను దేశం దిగుమతి చేసుకుంటున్నట్లు 2020లో అంచనా. పాలంపూర్‌లోని హిమాలయ జీవవనరుల సాంకేతిక సంస్థ 2020 అక్టోబరు 15న హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో, క్వారింగ్ గ్రామంలో తొలి ఇంగువ మొక్కను నాటించింది. ఈ మొక్క ఫలసాయం ఇవ్వడానికి సుమారు 5 సంవత్సరాలు పడుతుంది.

డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ జట్రోఫా గింజల నూనెతో రూపొందించిన జీవ ఇంధనాన్ని సాధారణ ఇంధనంలో కలిపి 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి విమానాన్ని నడిపారు. కేంద్ర రహదారుల పరిశోధనా సంస్థ పరిజ్ఞానంతో 2022లో సూరత్ సమీపంలోని హజీరాలో ఉక్కు కర్మాగారపు చిట్టెంతో ఆరు వరుసల రహదారిని నిర్మించారు. దీనివల్ల కొండలను పిండిచేసి కంకర తీసే అవసరం తగ్గుతుంది. ఉక్కు కర్మాగారం గల విశాఖపట్నం వంటి ప్రాంతాలకు ఈ అనుభవం పరిశీలించదగినది.

పరిజ్ఞాన బదిలీలో క్లిష్ట దశ

ఈ ఉదాహరణలన్నింటినీ కలిపి చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. మంచి ఆలోచనలకు కొరత లేదు. ప్రయోగశాల నమూనాకు, పూర్తిస్థాయి ఉత్పత్తికి మధ్యనున్న దశలోనే పలు ఆవిష్కరణలు ఆగిపోతున్నాయి. ఆ దశలో ఖర్చు అధికం, లాభం అనిశ్చితం. పరిశోధనా సంస్థ వద్ద అందుకు నిధులుండవు. పరిశ్రమ ముందుకు రావడానికి వెనుకాడుతుంది. మెరుగైన విత్తనం విడుదలైనప్పటికీ విత్తనోత్పత్తి, పంపిణీ తగినంతగా జరగకపోతే రైతుకు చేరదు.

2020-21లో దేశం పరిశోధన, అభివృద్ధిపై వెచ్చించిన మొత్తం సుమారు 1.27 లక్షల కోట్ల రూపాయలు. ఇది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. ఇందులో ప్రైవేటు పరిశ్రమల వాటా 36 శాతం మాత్రమే. పరిశోధనలకు ఊతమిచ్చేందుకు పార్లమెంటు 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధనా ప్రతిష్ఠాన చట్టాన్ని ఆమోదించింది. ప్రైవేటు రంగ పరిశోధనలను ప్రోత్సహించేందుకు లక్ష కోట్ల రూపాయల నిధితో కూడిన పథకానికి కేంద్ర మంత్రివర్గం 2025 జూలై 1న ఆమోదం తెలిపింది.

గమనించదగిన అంశాలు

ఒక ఆవిష్కరణ గురించి సమాచారం అందినప్పుడు అది ఏ దశలో ఉన్నదో ముందుగా తెలుసుకోవడం అవసరం. ప్రయోగశాల నిరూపణ, క్షేత్ర పరీక్ష, నియంత్రణ సంస్థ అనుమతి, వాణిజ్య ఉత్పత్తి అనేవి నాలుగు వేర్వేరు మెట్లు. మొదటి మెట్టును చివరి మెట్టుగా ప్రకటిస్తే ప్రజలలో ముందు ఆశలు, తరువాత నిరాశ కలుగుతాయి. పరిజ్ఞానాన్ని ఎవరికి బదిలీ చేశారు, దాని ధర ఎంత, నిర్వహణ బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు కూడా అంతే ముఖ్యం.

జిల్లా స్థాయి అధికారులు తమ ప్రాంత సమస్యలను ఈ సంస్థల దృష్టికి తీసుకురావడం కూడా ఆవిష్కరణలో భాగమే. ఎండిన బోరు, ఎండాకు తెగులు, మార్కెట్‌లో కుళ్లే కూరగాయలు మొదట క్షేత్రంలో కనిపించిన సమస్యలే. వాటిని శాస్త్రవేత్తలు తమ సమస్యలుగా స్వీకరించినందువల్లే పైన పేర్కొన్న ఫలితాలు సాధ్యమైనాయి.